మగ్గానికి మీరే యజమాని, మరి ఒంటికి?

"మీరేం పని చేస్తారు?"

ఆస్పత్రిలో రోగిని పరీక్షించేటప్పుడు జ్వరం ఎన్నాళ్ళ నుంచి, ఆకలి ఎలా ఉంది, నిద్ర పడుతున్నదా అన్న ప్రశ్నలతోపాటు ఈ ప్రశ్న కూడా తప్పక వేయాలి. ఇది నేను కొత్తగా చెబుతున్న మాట కాదు. 1700వ సంవత్సరంలోనే ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ, వృత్తుల వల్ల కలిగే వ్యాధుల మీద వ్రాసిన గ్రంథంలో వైద్యులందరికీ ఈ సలహా ఇచ్చాడు. గని కార్మికుల గురించే కాదు, నేతపనివారి గురించి, బట్టలు కుట్టేవారి గురించి, పొద్దస్తమానం కూర్చుని వ్రాసే గుమాస్తాల గురించి కూడా ఆయన అందులో వ్రాశాడు. మూడు వందల ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న అవసరం తీరలేదు.

మా నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఆ ప్రశ్నకు తరచుగా వచ్చే జవాబు ఒకటే: "సొంత పనే సార్. ఒకరి కింద చేసేది లేదు." ఆ మాటలో కొంత గర్వం ఉంటుంది. ఉండవలసిందే. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఊళ్ళలో చిటికి కట్టి నేసేవారు, గద్వాల, నారాయణపేటలలో చీరలు నేసేవారు, బజారులో ఒక కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ, ఇంట్లోనే జాకెట్లు కుట్టే ఇల్లాలు - వీరంతా తమ కాళ్ళ మీద తాము నిలబడినవారే. 2016లోను, 2019లోను జిల్లాలు విడిపోయి పోచంపల్లి యాదాద్రి భువనగిరిలోకి, గద్వాల జోగులాంబ జిల్లాలోకి పోయాయి, నారాయణపేట తానే ఒక జిల్లా అయింది. నడుము నొప్పులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి!

ఈ వారం ఈ సొంతపనివారి ఆరోగ్యం గురించి తెలుసుకుందాం. మగ్గాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. మిగతా వృత్తులవారు తమ పనికి అన్వయించుకోవచ్చు.

కార్ఖానాలో చట్టం, ఇంట్లో ఎవరు?

కార్ఖానాలో పనిచేసే మనిషిని కనిపెట్టి ఉండడానికి చట్టమంటూ ఒకటి ఉంది. 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదన్నది. అయిదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి ఉండాలన్నది. వారానికి ఒకరోజు సెలవు, చాలినంత వెలుతురు, గాలి, మంచినీళ్ళు యజమాని కల్పించవలసిందేనన్నది. ఇవన్నీ యజమానుల దయాదాక్షిణ్యాల వల్ల వచ్చినవి కావు. విశ్రాంతి లేని శరీరం త్వరగా అరిగిపోతుందని అనుభవం మీద తెలుసుకుని పెట్టిన నియమాలు.

ఇంట్లో మగ్గం ఉన్నవారి సంగతేమిటి? యజమానీ మీరే, కూలీ మీరే. మీలోని యజమాని పెళ్ళిళ్ళ సీజనులో "ఇంకో మూర నేసి పడుకో" అంటే మీలోని కూలీ నోరెత్తలేడు. తనిఖీకి ఇన్‌స్పెక్టరు రాడు. జబ్బు చేస్తే ఈఎస్‌ఐ ఉన్న కార్మికుడికి కొంత వేతనమైనా చేతికందుతుంది. మీకు మగ్గం ఆగిన రోజు మీ పొయ్యి కూడా ఆగుతుంది. అందుచేత మీ ఇంటి మగ్గానికి ఇన్‌స్పెక్టరు ఉద్యోగం కూడా మీరే చేయాలి. ఈనాటి నా సలహా అంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

"కూలి గిట్టుబాటు కానప్పుడు విశ్రాంతి తీసుకోమంటే ఎలా డాక్టరుగారూ?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కూలి రేటు పెంచే మందు నా దగ్గర లేదు. కాని పైసా ఖర్చు లేకుండా, లేదా కొద్ది ఖర్చుతో మార్చుకోదగినవి పనిచోట చాలా ఉన్నాయి. ముందు వాటిని చూద్దాం.

గుంట మగ్గం - నడుము

గుంట మగ్గంలో నేలనుంచి వచ్చే చెమ్మ వల్ల నూలు తొందరగా తెగదు. అది నూలుకు మంచిదే. మనిషి మాత్రం గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, పలకలు తొక్కుతూ, ముందుకు వంగి గంటల తరబడి ఉండవలసి వస్తుంది. మన వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్ల వంటి డిస్కులుంటాయి. నిలబడినప్పటి కంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడు వాటి మీద ఒత్తిడి ఎక్కువ. ఏళ్ళు గడిచేకొద్దీ అవి అరిగి పక్కకు ఉబ్బుతాయి. అక్కడి నరం నొక్కుకుపోతే నొప్పి పిరుదు నుంచి పిక్క దాకా గుంజుతుంది.

చేయవలసినవి ఏమిటి? మొదటిది, కూర్చునే ఎత్తు సరిచూసుకోవడం. భుజాలు జారవిడిచి కూర్చుంటే నేస్తున్న బట్ట ఇంచుమించు మోచేతి ఎత్తుకు రావాలి. బట్ట బాగా కిందుగా ఉంటే వంగిపోతారు, బాగా పైకి ఉంటే భుజాలు ఎగదీసుకుని పని చేస్తారు. రెండూ నొప్పికి దారులే. కూర్చునే పలక మీద గట్టి దూది దిండు వేసుకోండి. మరీ మెత్తని స్పాంజి పనికిరాదు. కాళ్ళు పలకలకు అందక వేలాడుతుంటే పలకలను పైకి కట్టుకోండి.

రెండవది, లేవడం. ముప్పావు గంటకు ఒకసారి తప్పక గుంట లోనుంచి పైకి రావాలి. సెల్‌ఫోన్ ప్రతి ఇంటా ఉన్నది కదా, అందులో అలారం పెట్టుకోండి. పైకి వచ్చి రెండు చేతులూ నడుముకు ఆన్చి మెల్లగా వెనక్కి అయిదుసార్లు వంగండి. భుజాలను వెనక్కి పదిసార్లు తిప్పండి. మునివేళ్ళ మీద పదిసార్లు లేచి దిగండి. మొత్తం మూడు నిమిషాలు. రోజుకు పదిసార్లు లేచినా పోయేది అరగంట. డిస్కు జారితే పోయేది నెలల తరబడి పని. పరుగెత్తి పాలు త్రాగేకంటే నిలబడి నీళ్ళు త్రాగడం మేలని పెద్దలు ఊరకే అనలేదు.

వానాకాలంలో గుంటలోకి నీరు ఊరితే తడిలో కాళ్ళు పెట్టి పని చేయరాదు. వేళ్ళ సందులు ఒరుస్తాయి, పుండ్లు పడతాయి. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఈ పుండ్లు ప్రమాదకరం. అలాగే పొద్దున్నే గుంటలోకి దిగే ముందు టార్చి వేసి చూడడం అలవాటు చేసుకోండి. చీకటి, చెమ్మ ఉన్నచోట తేళ్ళు, పాములు చేరుతాయి.

ఆసు పోసిన చేయి

మగ్గం మీద కూర్చునేది ఒకరే అయినా చీర వెనుక ఇద్దరు ముగ్గురి కష్టం ఉంటుంది. కండెలు చుట్టేది, ఆసు పోసేది ఎక్కువగా ఆడవారే. వారికి వంట పని, పిల్లల పని అదనం. కాని "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగితే "ఇంట్లోనే ఉంటా సార్" అంటారు. భుజం పైకి లేవడం లేదని వచ్చేది కూడా వీరే.

చేతితో ఆసు పోయడమంటే నడిమి మేకు నుంచి అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల దాకా దారాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పడం. ఒక్క చీరకు చేయి సుమారు 9 వేల సార్లు పోయి రావాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకైతే 18 వేల సార్లు! భుజం కీలు చుట్టూ ఉండే సన్నని కండరాల నరాలు ఇంత రాపిడికి వాచిపోతాయి. కొన్నాళ్ళకు జడ వేసుకోవడానికి కూడా చేయి లేవదు.

ఈ బాధను కళ్ళారా చూసినవాడు ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన నేత కుటుంబపు బిడ్డ. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో ఆసు పోసే యంత్రం తయారుచేయడానికి పూనుకున్నాడు. చేతిలో డబ్బు లేక మధ్యలో ఆగుతూ, మళ్ళీ మొదలుపెడుతూ 1999లో దానిని పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం. చేతితో నాలుగైదు గంటలు పట్టే పని దాని మీద గంటన్నరలో అవుతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది.

ఇందులో వైద్యులకూ ఒక పాఠం ఉంది. ఆ తల్లి భుజానికి మేమైతే మాత్రలు, కాపడం వ్రాసి పంపేవాళ్ళం. ఆ కొడుకు నొప్పికి కాక, నొప్పి పుట్టిస్తున్న పనికి చికిత్స చేశాడు. అందరం యంత్రాలు కనిపెట్టలేము. కాని "ఈ నొప్పి ఏ పని వల్ల వస్తున్నది, ఆ పనిని ఎలా మార్చవచ్చు?" అని అడగడం ఎవరికైనా సాధ్యమే. చేతి ఆసు ఇంకా పోస్తున్న ఇళ్ళలో ఒకరే పొద్దంతా పోయకుండా గంటకొకరు మారండి. నాలుగిళ్ళవారు కలిసి గాని, సహకార సంఘం ద్వారా గాని యంత్రం సమకూర్చుకోండి. గర్భిణులను నెలలు నిండేకొద్దీ గుంటలోకి దించవద్దు, రంగుల పని దగ్గరకు అసలే రానివ్వవద్దు.

కళ్ళకు, నడుముకు చుట్టరికం

నడుము నొప్పి అని వచ్చే నలభై ఏళ్ళ నేతన్నలలో కొందరికి ముందుగా కావలసింది మాత్ర కాదు, కళ్ళజోడు. ఆశ్చర్యంగా ఉన్నదా? నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం అందరికీ సహజం. పోగులు ఆనక, తెలియకుండానే మనిషి రోజురోజుకీ కొంచెం కొంచెం ముందుకు వంగుతాడు. ఆ వంపు నడుముకు, మెడకు శిక్ష అవుతుంది.

కళ్ళ పరీక్షకు వెళ్ళేటప్పుడు ఒక చిన్న పని చేయండి. మగ్గం మీద సరిగా కూర్చుని, మీ కంటి నుంచి బట్ట దాకా ఒక దారం కొలిచి తెంచండి. ఆ దారం జేబులో పెట్టుకుని వెళ్ళి "నేను ఇంత దూరంలో పోగు చూడాలి" అని కంటి డాక్టరుకు చూపండి. పత్రిక చదివే దూరానికి ఇచ్చిన అద్దాలు మగ్గం దూరానికి సరిపోకపోవచ్చు. సంతలో రెడీమేడ్‌గా అమ్మే జోళ్ళు కొని సరిపెట్టుకోవద్దు.

వెలుతురు మీ ముఖం మీద కాక బట్ట మీద పడాలి. కుడిచేతి వాటం వారికి ఎడమ పక్క నుంచి, కొంచెం పైనుంచి వస్తే చేతినీడ పడదు. గోడకు సున్నం కొట్టిస్తే గది వెలుతురు తక్కువ ఖర్చుతో పెరుగుతుంది. నిమిషాల తరబడి రెప్ప వేయకుండా పోగు వంక చూస్తే కళ్ళు పొడిబారి మండుతాయి. ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి తల ఎత్తి, వాకిలి దాటి ఇరవై అడుగుల దూరంలో ఉన్న చెట్టునో గోడనో ఇరవై సెకన్లు చూడండి.

రంగులతో జాగ్రత్త

నూలుకు రంగు వేసేవారు కాస్టిక్ సోడా, హైడ్రోస్ వంటి ఘాటైన రసాయనాలు వాడతారు. ఈ పని వంటింట్లో చేయరాదు. గాలి ఆడే చోట, వీలైతే ఆరుబయట చేయాలి. మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. రంగు కాచిన గిన్నెలో వంట చేయరాదు. చేతులు కడగకుండా అన్నం ముట్టరాదు, బీడీ వెలిగించరాదు.

కాస్టిక్ సోడా కంట్లో పడితే వెంటనే ధారగా మంచినీళ్ళు పోస్తూ కనీసం ఇరవై నిమిషాలు కడగండి. నిమ్మరసం, పాలు, పసుపు ఏవీ వేయవద్దు. కడిగిన తరువాత ఆస్పత్రికి పరుగెత్తండి. కాస్టిక్ సోడా నీళ్ళను కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఉంచకండి. పిల్లవాడు పొరపాటున త్రాగితే వాంతి చేయించవద్దు. వాంతి అయితే గొంతు రెండోసారి కాలుతుంది.

కొన్ని అజో జాతి రంగుల నుంచి కేన్సరు కలిగించే పదార్థాలు పుడతాయి. 1990లలో మన ప్రభుత్వం అటువంటి 112 రంగులను నిషేధించింది. అందుచేత పేరు, కంపెనీ లేని రంగు పొట్లాలు చౌక అని కొనవద్దు. చాలాకాలం రంగుల పని చేసినవారికి మూత్రంలో రక్తం కనపడితే, నొప్పి లేకపోయినా సరే, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు.

నీళ్ళు - మన జిల్లాల ప్రత్యేక సమస్య

పని మధ్యలో లేవవలసి వస్తుందని నీళ్ళు త్రాగనివారు చాలామంది. ఆడవారిలో ఇది మరీ ఎక్కువ. ఫలితం మూత్రంలో మంట, మూత్రపిండాల్లో రాళ్ళు. మగ్గం పక్కన ఒక సీసా పెట్టుకోండి. త్రాగిన నీళ్ళే మిమ్మల్ని లేపుతాయి, అలారంతో కూడా పని లేదు!

అయితే ఏ నీళ్ళు? నల్లగొండ ప్రాంతపు భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సంగతి దేశమంతా ఎరిగినదే. నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే విధానానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు కూడా వచ్చింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము లోపు ఉండడం మంచిది, 1.5 మించరాదు. నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. కాబట్టి త్రాగడానికి, వంటకు బోరునీళ్ళు కాక, నదుల నుంచి శుద్ధి చేసి ఇచ్చే నల్లా నీళ్ళే వాడండి.

ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ప్రతి నడుము నొప్పీ మగ్గం వల్ల వచ్చినది కాదు. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్ళు తాకగలరా? గడ్డం ఛాతీకి ఆనించగలరా? రెండు చేతులూ తల వెనుక జోడించగలరా? ఇవి కష్టమై, ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోతుంటే అది ఫ్లోరోసిస్ కావచ్చు. పరీక్ష చేయించుకోండి.

నొప్పి బిళ్ళలు, సాయంత్రపు కల్లు

పండుగ ముందు పని ఒత్తిడిలో మందుల దుకాణానికి వెళ్ళి "నొప్పి గోలీ" అడిగి వేసుకోవడం అలవాటైపోయింది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి మాత్రలు నాలుగు రోజులు వాడితే ఉపకారమే. నెలల తరబడి వాడితే కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు చెడిపోతాయి. నీళ్ళు తక్కువ త్రాగేవారికి, బీపీ, షుగరు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. అంతకంటే ప్రమాదం, ఒక్క సూదితో నొప్పి పోగొడతామని ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. నొప్పి శరీరం మోగించే గంట. గంటకు గుడ్డ కట్టినంత మాత్రాన మంట ఆరదు.

ఒళ్ళు నొప్పులకు సాయంత్రం కల్లు త్రాగేవారికీ ఒక మాట. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం వంటి మత్తు మందులు కలుస్తున్నాయి. దానికి అలవాటు పడినవారు హఠాత్తుగా మానేస్తే వణుకు, మతి భ్రమణం, మూర్ఛ రావచ్చు. మానాలి, కాని ఆస్పత్రికి వచ్చి, మా పర్యవేక్షణలో మానాలి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

గడువు మీ చేతిలో ఉండాలి

ఇక అన్నిటికంటే కష్టమైన సంగతి. పనివేళలు మగ్గం దగ్గర నిర్ణయం కావు, ఆర్డరు ఒప్పుకునే రోజే నిర్ణయమవుతాయి. ఒక పడుగు పది రోజుల పని అనుకుందాం. షావుకారు ముందు మొహమాటపడి "ఎనిమిది రోజుల్లో ఇస్తా" అన్నారంటే ఆ రెండు రోజులూ మీ నిద్ర నుంచి పోతాయి. పన్నెండు రోజులు అడగండి. పదకొండు దగ్గర తెగినా ఒక సెలవు మిగులుతుంది. నెలకు ముప్పై రోజులు కాక ఇరవై అయిదు రోజులే పని లెక్క వేసుకోండి. అయిదు రోజులలో నాలుగు వారపు సెలవులు, ఒకటి జ్వరానికో చుట్టాలకో. ఒంటరిగా అడిగితే "మరొకరికి ఇచ్చుకుంటాం" అనవచ్చు. వాడకట్టులోని నేతన్నలంతా ఒకే మాట మీద నిలిస్తే అనలేరు.

ఎప్పుడు అశ్రద్ధ చేయరాదు?

నడుము నొప్పితోపాటు కాలు తిమ్మిరెక్కి బలం తగ్గడం, మూత్రం తెలియకుండా పోవడం లేదా బిగబట్టడం, రాత్రిళ్ళు కూడా తగ్గని నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో వేళ్ళు మొద్దుబారడం, ఛాతీలో బరువుతో ఎడమచేయి గుంజడం - వీటిలో ఏది కనిపించినా అలవాటైన నొప్పే అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. కూర్చుని చేసే పనివారు ముప్పై దాటాక ఏడాదికొకసారి బీపీ, షుగరు చూపించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్షలు ఉచితం. పెద్ద చికిత్సలకు ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో ఆ పథకం తొలివిడతగా మొదలైన జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. కార్డు ఇంట్లో ఎక్కడున్నదో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

దర్జీ పనివారు మగ్గం బదులు మిషను అనుకోండి, ఇంట్లో కంప్యూటరు మీద డిజైన్లు, టైపింగు చేసుకునే యువతీయువకులు తెర అనుకోండి. ఎత్తు, వెలుతురు, నీళ్ళు, లేవడం, గడువు - ఈ అయిదూ మారవు. ప్రతి ఆదివారం పొద్దున పది నిమిషాలు మీ పనిచోటు ముందు నిలబడి, పరాయివాడు తనిఖీకి వచ్చినట్లు ఈ అయిదింటినీ చూడండి. లోపం కనపడితే ఆ రోజే సరిచేయండి. ఇంట్లో ఎవరైనా నొప్పి అంటే వారి పనిని కూడా ఆ తనిఖీలో చేర్చండి.

మగ్గం విరిగితే వడ్రంగి బాగుచేస్తాడు. అచ్చు అరిగితే కొత్తది వస్తుంది. నడుముకు మారు నడుము దొరకదు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం తెలివైన యజమాని లక్షణం.

(వచ్చే వారం: ఎండదెబ్బ - జాగ్రత్తలు)